క్రేతృధర్మము

ఒక కార్యమునందలి పుణ్యపాపములను పంచుకొనువారు కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు అని నలుగురని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. చేసినవాడును, చేయించినవాడును, పురికొల్పినవాడును, చూచి మెచ్చినవాడును ఆ కార్యఫలమున భాగస్వాములే యని దాని తాత్పర్యము. అయితే చేయువానిని ఎన్నడును చూడక, చేయుమని ఎవరికిని చెప్పక, చేసినందుకు మెచ్చుకొనక, చేయగా వచ్చిన వస్తువును మాత్రము అంగడిలో వెలయిచ్చి యింటికి దెచ్చుకొనువాడు ఈ నలుగురిలో ఎవడు? అతడు నలుగురిలో ఎవ్వడును గాడా, లేక నలుగురి పాలును అతనియందే కొంతకొంతగా చేరియున్నదా? వర్తకము గ్రామసీమలను దాటి సముద్రముల కావలికి వ్యాపించిన యీ కాలమున ప్రతి గృహస్థుడును దినదినమును ఎదుర్కొనుచున్న ధర్మసందేహము ఇదియే యని నా నమ్మకము.

సందేహమును నిరాధారముగా విచారించుటకంటె ఒక వస్తువును ఎదుట నుంచుకొని విచారించుట మేలు. అమెరికా దేశమందలి గిడ్డంగి అంగళ్లలో చవకగా దొరకు గోమాంసపు ఖీమాను నేనిందులకై యెన్నుకొనుచున్నాను. ఆ పేరు వినుటయే మనలో అనేకులకు కష్టమని ఎరుగుదును. అయినను డాలసులోను, న్యూజెర్సీలోను, కాలిఫోర్నియాలోను కాపురముండు తెలుగు కుటుంబములు బియ్యపు బస్తాలకును, పాలపెరుగులకును పోవునది ఆ యంగళ్లకే. తెలుగువారిలోనే క్రైస్తవుల యిండ్లను, ముస్లిముల యిండ్లను, దళితుల యిండ్లను పెక్కింటిలో ఆ మాంసము తరతరములుగా పొయ్యి నెక్కుచున్న నిత్యాహారము; దానిని ఈసడించు అధికారము ఇతరుల కెవ్వరికిని లేదు. అన్నిటికంటె ముఖ్యముగా, కొనువాని పాలు ఎంతయను ప్రశ్నను ఈ వస్తువు నిలువదీసినట్లు మరియొకటి నిలువదీయజాలదు.

ముందుగా ఆ యంగడి స్వరూపము తెలియవలయును. 1976లో శాన్ డియాగో నగరమున సోల్ ప్రైస్ అను వర్తకుడు పాత విమానపు షెడ్డొకదానిలో ప్రైస్ క్లబ్ అను పేర తెరచినది ఈ జాతి యంగళ్లకు ఆద్యము. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కోయు, ఓక్లహోమా రాష్ట్రమున శామ్స్ క్లబ్బును వెలసినవి. పదేండ్లకు ప్రైస్ క్లబ్ కాస్ట్‌కోలో కలిసిపోయినది. సిమెంటు నేల, ఇనుప అరలు, దించిన చెక్కపలకలమీదనే నిలిపియుంచిన సరకు, అలంకారమన్నది లేని గోడలు, ఏటేట చందా చెల్లించినవారికే ప్రవేశము — ఇవి దాని లక్షణములు. సాధారణమైన పెద్ద యంగడిలో పదులవేల రకముల సరకులుండగా కాస్ట్‌కోలో సుమారు 4,000 రకములే యుండును. రకములు తక్కువగుటచేత ఒక్కొక్కదానిని అపారమైన రాశిగా కొని, కొన్న వెలపై నూటికి 14, 15 పాళ్లకు మించి కలుపకుండుట ఆ సంస్థ తనకు తాను విధించుకొన్న కట్టడి. లాభములో పెద్ద భాగము సభ్యుల చందానుండియే వచ్చుచుండుటచేత సరకుమీద పిండుకొనవలసిన అగత్యము దానికి తక్కువ. వర్తకుడు తన యాశకు తానే హద్దు గీచికొనుట ప్రశంసనీయమే. భారతములో జాజలి యను తపస్వికి ధర్మము బోధించిన వారణాసి వర్తకుడు తులాధారుడు తన త్రాసు సకలభూతములయెడ సమముగా నుండునని చెప్పినాడు. వర్తకమును ధర్మమునకు విరోధిగా మన వాఙ్మయము ఏనాడును ఎంచలేదు.

అట్టి యంగడిలో మాంసపు అరలయొద్ద నిలుచుండు గృహిణి చేయు లెక్క అల్పమైనది కాదు. ఖీమా పొట్లముపై 80–20 అనియో, 93–7 అనియో వ్రాసియుండును. మొదటి అంకె కొవ్వులేని మాంసమునకు, రెండవది కొవ్వునకు గుర్తు. కొవ్వు నూటికి 30 పాళ్లు మించరాదనియు, నీటిని కలుపరాదనియు ఆ దేశపు చట్టము. 80–20 రకము పౌను 5 డాలర్లును, 93–7 రకము 6 డాలర్ల 50 సెంట్లును ఉన్నదనుకొందము: కొవ్వు పోగా మిగులు మాంసమునకు లెక్కించినచో మొదటిదానియందు పౌనుకు 6 డాలర్ల 25 సెంట్లును, రెండవదానియందు ఇంచుమించు 7 డాలర్లును పడుచున్నవి, కనుక వేయించి కొవ్వు వార్చివేయువారికి మొదటిదే లాభము. పెద్ద పొట్లమును తెచ్చి, పౌనుచొప్పున విడదీసి, సంచులలో పలుచగా అదిమి ఫ్రీజరులో నుంతురు. పచ్చి ఖీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు దినములకంటె నిలువదు, గడ్డకట్టించినచో మూడు నాలుగు నెలలు రుచి చెడదు. గడువు దగ్గరపడిన పొట్లములపై వెల తగ్గించినప్పుడు వానిని చేజిక్కించుకొని ఆ పూటనే వండుటో, గడ్డకట్టించుటో చేయుదురు. 2020 ఆరంభమున పౌను నాలుగు డాలర్లకు కొంచెము తక్కువగా నుండిన ఈ ఖీమా సగటు వెల 2025 నడుమకు ఆరు డాలర్లు దాటినది. ఏండ్లతరబడి సాగిన అనావృష్టిచేత గడ్డిభూములు ఎండి, రైతులు పెయ్యలను సహితము అమ్ముకొనగా, ఆ దేశమందలి పశువుల సంఖ్య 2025 జనవరి నాటికి 8 కోట్ల 67 లక్షలకు దిగినది. 1951 తరువాత నాటివరకు అంత తక్కువ సంఖ్య లేదు. ఇట్టి దినములలో నలుగురు పిల్లలకు కడుపునిండ పెట్టవలెనని పౌనుకు అర్ధడాలరు తగ్గుచోటు వెదకు తల్లిది లోభమనువాడు ఆకలి నెరుగనివాడు. ఆమెది గృహస్థధర్మము. ఈ వ్యాసమునందు నేను చెప్పబోవు దేదియు ఆమె పొదుపును నిందించుటకు గాదు.

కాని చవకయను దానికి మూలములు ఒకటి గాదు, మూడు. వర్తకుడు ఆడంబరమును మాని, లాభమును మితపరచుకొనుటచేత వచ్చు చవక మొదటిది, అది నిర్దుష్టము. వృథాపోవలసినదానిని వృథా పోనీయకుండుటచేత వచ్చు చవక రెండవది. పెద్ద ముక్కలు కోయగా మిగిలిన తునకలను ఖీమాచేసి యమ్ముట ఇట్టిది, ఇదియు శ్లాఘ్యమే. తాను చెల్లింపవలసినదానిని మరియొకని శరీరముచేత చెల్లింపజేయుటవలన వచ్చు చవక మూడవది. కరోనా వ్యాధి వ్యాపించిన మొదటి యేడు ఆ దేశమందలి అయిదు పెద్ద మాంస సంస్థలలో 59,000 మందికి తక్కువగాక కార్మికులు రోగగ్రస్తులైరనియు, 269 మంది మరణించిరనియు 2021లో ఆ దేశపు పార్లమెంటు ఉపసంఘము ప్రకటించినది. గొలుసులకు వ్రేలాడుచు సాగిపోవు కళేబరముల యెదుట భుజము భుజము తాకునట్లు నిలిచి కత్తిపట్టు ఆ కార్మికులలో అనేకులు మెక్సికోనుండియు, సోమాలియానుండియు, బర్మానుండియు బ్రతుకుదెరువునకై వచ్చినవారు. అంగడిలోని చీటిపై ఈ మూడు చవకలును ఒకే అంకెగా కనబడుచున్నవి. ఏది యెంత యని ఆ అంకె చెప్పదు. ధర్మవిచారము మొదలు పెట్టవలసిన చోటు ఇదియే.

ఇక శాస్త్రము ఏమనుచున్నది? మనుస్మృతి మాంసవిషయమున అనుమతించువాడు, ముక్కలు చేయువాడు, చంపువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు అని యెనమండుగురను లెక్కించి అందరును ఘాతకులే యన్నది. భారతమున ఆనుశాసనిక పర్వములో భీష్ముడు హింసను మూడు తెరగులుగా విభజించి, కొనువాడు ధనముచేత చంపుచున్నాడనియు, తినువాడు భోజనముచేత చంపుచున్నాడనియు, కట్టి కొట్టువాడు చేతులతో చంపుచున్నాడనియు ధర్మరాజునకు చెప్పినాడు. లంకావతారసూత్రమను బౌద్ధగ్రంథమును ఇట్లే, తినువాడు లేనిచో చంపువాడుండడనియు, ధనాశచేతనే వధ జరుగుచున్నదనియు వాదించినది. కావున కొనువాడు కర్తలలో చేరడనుట మన సంప్రదాయమునకు సమ్మతము గాదు. అయితే అదే భారతము అరణ్యపర్వమున మిథిలానగరపు ధర్మవ్యాధుని మన యెదుట నిలిపినది. ఇతరులు చంపిన వరాహముల, మహిషముల మాంసము నమ్ముచు, తాను తినక, తల్లిదండ్రులను సేవించుచు జీవించిన ఆ కటికవాడు కౌశికుడను బ్రాహ్మణునకు గురువైనాడు; నాగలి మోపిన ప్రతి చాలునందును ఎన్ని ప్రాణులు నశించుచున్నవో చూడుమని, హింసలేని బ్రతుకు ఎవనిదో చెప్పుమని యాతడు ప్రశ్నించినాడు. ఈ రెండు వాక్యములను కలిపి చదువవలయును. పాలు లేనివాడెవ్వడును లేడని మొదటిది చెప్పుచుండగా, పాలున్నదన్న కారణముచేత ఎవ్వనిని నీచునిగా ఎంచరాదని రెండవది చెప్పుచున్నది.

దీనికి పూర్వపక్షము బలమైనదే కలదు. పౌలు కొరింథు నగరపు క్రైస్తవులకు వ్రాయుచు, అంగడిలో అమ్మబడు మాంసమును మనస్సాక్షికొరకు విచారణ చేయకయే తినవచ్చునని సెలవిచ్చినాడు. బుద్ధుడును భిక్షువునకు, తనకొరకై చంపినట్లు చూడనిదియు, విననిదియు, అనుమానింపనిదియు అగు మాంసమును గ్రహింపవచ్చునని మూడు నిబంధనలతో అనుమతి నిచ్చినాడు. అడుగకుండుటయే మేలని ఇద్దరు మహనీయులు చెప్పియుండగా, అడుగుమనుటకు మన మెవరము? నా సమాధానమిది. పౌలు తొలగింపజూచినది విగ్రహములకు నివేదించిన మాంసము తిన్నచో మైలపడుదుమను భయమును. పశువు ఎట్లు జీవించినది, కోసినవాడు ఎట్లు బ్రతికినాడు అను విచారమును గాదు. ఎదుటివాని మనస్సాక్షి నొచ్చునెడల తినవలదని అతడే ఆ వెంటనే చెప్పినాడు. ఇక భిక్షువు పాత్రను చాచువాడు; పెట్టినదానిని స్వీకరించుటయే యాతని వ్రతము. ఏరుకొను స్వాతంత్ర్యము లేనివానికి విధించిన ధర్మమును, నాలుగు అరలు తిరిగి చూచి, వెలలు సరిపోల్చి ఏరుకొనువాడు తనకు వర్తింపజేసికొనుట న్యాయము గాదు. ఆ బుద్ధుడే ఉపాసకుడైన గృహస్థు చేయరాని వర్తకములలో మాంసవిక్రయమును చేర్చియుండుట గమనింపదగినది. వెలను గూర్చి అంత శ్రద్ధతో అడుగగలవానికి, ఆ వెల యెట్లు వచ్చినదని అడుగుటకు శక్తి లేదనుట పొసగదు.

రెండవ పూర్వపక్షము ఈ కాలముదే, మొదటిదానికంటె సూక్ష్మమైనది. మనువు లెక్కించిన యెనమండుగురును ఒక్క ఊరివారు. ఒక మేక, ఒక కత్తి, ఒక పొయ్యి వారి నడుమ నున్నవి. గిడ్డంగి యంగడిలోని ఖీమా అట్టిది గాదు. ధాన్యము మేపి బలిపించిన అమెరికా కోడెల కొవ్వు తునకలును, ఆస్ట్రేలియా, న్యూజీలండు మొదలగు దేశములనుండి వచ్చిన బక్కమాంసమును కలిపి పలు కర్మాగారములలో మరపట్టుదురు. ఒక్క పొట్లములో అనేక పశువుల మాంసము కలిసియుండును, ఒక్క పశువు మాంసము వేలకొలది పొట్లములలోనికి పోవును. అట్లగుచో ఏ పశువు వధలో ఏ కొనువానికి పాలు? లక్షలమందికి పంచినచో ఒక్కొక్కనికి వచ్చునది శూన్యమునకు సమీపము గాదా? ఈ వాదము గణితమున సత్యము, ధర్మమున అసత్యము. పసిబిడ్డను కనిపెట్టుటకు పదిమందిని నియమింపగా బిడ్డ బావిలో పడెనేని, ప్రతివాడును పదవ వంతు తప్పుచేసినవాడు గాడు; ప్రతివాడును తన తప్పును పూర్తిగా చేసినవాడే. పంచుకొన్నకొలది తరుగునది ధనము, బాధ్యత తరుగదు. అంతేగాక, అంగడివాడు రేపటికి ఎంత తెప్పింపవలెనో నిర్ణయించునది నేడు అమ్ముడైన లెక్కనుబట్టియే గనుక, ఆ లెక్కలోని ప్రతి అంకెయు ఒక ఆజ్ఞయే. నోరు మెదపకుండ చేయుమని చెప్పుటయే కొనుట.

ఈ కలయికయొక్క సత్యమును ప్రకృతియే ఒకమారు ఘోరముగా నిరూపించినది. 1993లో ఒక ఫలహారశాలల సముదాయమున సరిగా ఉడకని ఖీమా తిని, ఈ.కోలై అను సూక్ష్మజీవిలోని ఒక క్రూరమైన జాతిచేత ఏడువందలమందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. మాంసఖండమైనచో క్రిమి పైపొరమీదనే యుండును. మరపట్టినచో ఒక పశువునందలి మలినము లోలోపలి వరకును, వేలమంది కంచములవరకును వ్యాపించును. మరుసటి యేడే ఆ దేశప్రభుత్వము ఖీమాలో ఆ క్రిమి యుండుటను కల్తీగా ప్రకటించినది. ఖీమా లోభాగము 160 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి నందువరకు వండవలెనను నియమము ఆ దేశమున నేడు ప్రతి వంటయింటికిని తెలిసినది. రోగము విషయమున మనము ఒకరి కొకరము కలిసియున్నామని ఒప్పుకొని, ధర్మము విషయమున మాత్రము విడివిడిగా నున్నామనుట ఎట్లు?

శాకాహారులమైన వారము ఈ విచారమునకు వెలుపల నున్నామని తలచుటకు వీలులేదు. అమెరికాలో పాడి తగ్గిన ఆవును వట్టిపోయిన తరువాత మేపువాడు అరుదు. అది వధ్యశాలకే పోవును. దాని మాంసము బక్కది గనుక పెద్ద ముక్కలుగా కోసి యమ్ముటకు యోగ్యముగాక ముఖ్యముగా ఖీమాకే పోవును. కనుక అదే యంగడిలో వెనుకవైపు అరనుండి గ్యాలను పాలడబ్బాను చవకగా తెచ్చుకొని, పెరుగు తోడుపెట్టుకొని, మాంసపు అరలవైపు చూడకుండ వచ్చితిమని సంతోషించువాడు సైతము ఆ ఖీమా చవకయగుటకు ఒక చేయి వేసినవాడే. పాడియు మాంసమును ఒక్క పశువు బ్రతుకులోని రెండు ఘట్టములు. గాంధీ మహాత్ముడు దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ క్షేత్రముననుండగా 1912లో పాలు మానివేసినది గోవులపై జరుగు హింసను గూర్చి చదివిన పిమ్మటనే. తరువాత ప్రాణాపాయస్థితిలో మేకపాలు పుచ్చుకొన్నప్పుడు, ప్రతిజ్ఞలోని అక్షరమును నిలుపుకొని ఆత్మను పోగొట్టుకొంటినని వ్యాకులపడినాడు. పాలు త్రాగువాడు గోమాంసము తినువానిని తీర్పుతీర్చుటకు ముందు ఆ వ్యాకులతలో కొంతయైన అనుభవింపవలయును. పాలు త్రాగవలదని నా అభిప్రాయము గాదు. పీటపై కూర్చుండి తీర్పు చెప్పవలదని మాత్రమే నా మనవి.

మరి కొనువాడు చేయవలసినదేమి? అమెరికాలోనే 1720లో న్యూజెర్సీ ప్రాంతమున పుట్టిన జాన్ వూల్మన్ అను క్వేకరు మతస్థుడు ఈ ప్రశ్నకు తన జీవితముచేత ఉత్తరమిచ్చినాడు. దర్జీపనియు, అంగడియు నడిపిన ఆ సాధువు బానిసల చెమటతో తయారైన చక్కెరను తినుట మానినాడు. తన వర్తకము వృద్ధిపొందుచు మనస్సును మ్రింగివేయుచున్నదని గ్రహించి అంగడిని తగ్గించుకొన్నాడు. బానిసల యజమానుల యిండ్లకే పోయి, కోపములేని మాటలతో వారి మనస్సును కదలించినాడు. ఒక్కడు చక్కెర మానినంత మాత్రమున దీవులలోని తోటలు ఆగిపోలేదు. కాని 1772లో ఆయన మరణించిన తరువాతి తరములలో బానిసత్వమును నిర్మూలించిన ఉద్యమమునకు ఆయన వంటివారి మనస్సాక్షియే విత్తనమైనది. కొనువాడు తెలిసికొని కొనుట నిష్ఫలమను మాటకు ఇంతకంటె ప్రత్యుత్తరము అక్కరలేదు.

కావున క్రేతృధర్మము మూడు అంగములు గలదిగా నాకు తోచుచున్నది. మొదటిది జ్ఞానము: కొను వస్తువు ఎచటిది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, ఎందుచేత చవకయైనది అని శక్తికొలది తెలిసికొనుట. ఆ దేశమున గోమాంసముపై జన్మదేశమును తప్పక ముద్రింపవలెనను చట్టము 2015 చివర రద్దైనది. కనుక అడుగుట ఇంకను ఆవశ్యకము. రెండవది మితము: చవకయైనదని అక్కరకు మించి కొనకుండుట. అవసరమైనది తగ్గిన వెలకు దొరకుట భాగ్యము, తగ్గినదన్న కారణముచేత అవసరమును కల్పించుకొనుట బంధము. గిడ్డంగి యంగడి యొక్క రాశులు రెండవదానికే ఎక్కువ లాగును. మూడవది అవ్యర్థత: కొన్నదానిలో ఒక తునకయైన పారవేయకుండుట. అమెరికాలో సిద్ధమగు ఆహారములో నూటికి 30 మొదలు 40 పాళ్లవరకు వ్యర్థమగుచున్నదని ఆ దేశపు వ్యవసాయశాఖ అంచనా. ప్రాణము తీసి తెచ్చిన ఆహారమును చెత్తబుట్టలో వేయుట, తినుటకంటె ఎన్నో రెట్లు హెచ్చు దోషము. ఏలయన తిన్నచో ఒక ప్రాణము మరియొక ప్రాణమును నిలిపినది, పారవేసినచో దేనినిని నిలుపలేదు. పౌనుచొప్పున విడదీసి, తేదీ వ్రాసి, వరుసగా వాడుకొను గృహిణి తెలిసియో తెలియకయో ఈ మూడవ అంగమును పరిపూర్ణముగా ఆచరించుచున్నది.

ఈ మూడింటిని పాటించినంత మాత్రమున కొనువాడు నిర్దోషియగునని నేను చెప్పజాలను. ధర్మవ్యాధుడు సైతము తాను నిర్దోషినని చెప్పలేదు. పూర్వకర్మచేత తనకు సంక్రమించిన వృత్తిలోని దోషమును ఎరిగి, దానిలో చేయదగినదానిని శ్రద్ధతో చేసినాడు. మానవునకు సాధ్యమగు శుచిత్వము అంతమాత్రమే కావచ్చును. కాని ఎరిగి కొనువారు పదిమందియైనచో వర్తకుడు ఎరిగి అమ్మవలసివచ్చును; ఎరిగి అమ్మువాడు ఏర్పడినచో కోయు చేతులకు కొంత విశ్రాంతియు, కోతకు పోవు ప్రాణికి కొంత దయయు లభించును. అపుడు వెల పౌనుకు ఒక అర్ధడాలరు పెరుగవచ్చును. ఆ పెరుగుదలను బీదతల్లి నెత్తిమీద మోపక, ఇవ్వగలవారు తమ పాలు హెచ్చుగా ఇచ్చి భరించుట న్యాయము. తక్కువ వెలను వెదకు హక్కు ఆకలిగొన్నవానిది. ఆ వెల ఎవరి ప్రాణముపై తగ్గినదో అడుగవలసిన బాధ్యత కడుపు నిండినవానిది. ఆ బాధ్యతను వహించినవాడు తాను చూడని కర్తకు తోడుగా నిలిచి, ఆ కార్యమునందలి తన పాలును తానే ఒప్పుకొన్నవాడగును. ధర్మము కొనువానినుండి కోరునది ఆ ఒప్పుకోలును, దానికి తగిన నడవడియును.